బీపీ బిళ్ల వేసుకుంటే కళ్లు పోతాయా?

మన హాస్టల్లో ఉండేవాళ్లం దాదాపు అందరం కూలి పనులు, వ్యవసాయం చేసుకుని బతికే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. మన ఇళ్లల్లో అమ్మమ్మో, తాతయ్యో, ఒక్కోసారి అమ్మానాన్నలే బీపీ బిళ్ల వేసుకుంటూ ఉంటారు. ఆ బిళ్ల ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో వాళ్లకు విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. నాలుగు అక్షరాలు నేర్చుకుంటున్నాం కాబట్టి ఆ పని మనమే చెయ్యాలి. ఈ వార్షికోత్సవ సంచికకు నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

సంక్రాంతి సెలవులకు గురజాల దగ్గర మా ఊరు వెళ్లాను. అమ్మమ్మ మందుల డబ్బా తెరిచి చూస్తే బిళ్లలు ఎక్కడివక్కడే ఉన్నాయి. "ఏంటి అమ్మమ్మా, వేసుకోవడం లేదా?" అని అడిగాను. "మానేశానే అమ్మాయ్. బీపీ బిళ్లలు వేసుకుంటే కళ్లల్లో నీటికాసులు వచ్చి చూపు పోతదంట. ఫోన్లో వచ్చిందని పక్కింటి పిల్లాడు చదివి చెప్పాడు" అంది. అప్పటికి రెండు వారాల నుంచి వేసుకోవడం లేదు. ఏఎన్‌ఎం గారి దగ్గరకు తీసుకెళ్లి చూపిస్తే బీపీ 180/100 ఉంది. మందుల చీటీలో ఉన్న పేరు ఆమ్లోడిపిన్, 5 మిల్లీగ్రాములు.

అమ్మమ్మను కోప్పడటం తేలికే. కానీ పక్కింటి పిల్లాడు చదివింది వట్టి అబద్ధమా? నాకూ అనుమానం వచ్చింది. హాస్టలుకు తిరిగొచ్చాక మా జువాలజీ మేడం గారిని అడిగాను, పుస్తకాలు తిరగేశాను. తెలిసింది ఏమిటంటే, ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ అది బిళ్ల మానెయ్యడానికి సరిపోయే నిజం కాదు. అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

కాల్షియం ఎముకలకేనా?

పిడుగురాళ్ల మీదుగా వెళ్లినవాళ్లకు సున్నపు బట్టీలు తెలుసు. ఆ సున్నపురాయిలో ఉండేది కాల్షియమే. పాలల్లో, రాగుల్లో ఉండేదీ అదే. ఎముకలకు, పళ్లకు కాల్షియం కావాలని మనం చిన్నప్పుడే చదువుకున్నాం. కానీ దానికి ఇంకో పెద్ద పని ఉంది. కండరం ముడుచుకోవాలంటే కాల్షియం ఉండాలి.

ఈ సంగతి బయటపడిన తీరు చిత్రంగా ఉంటుంది. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటకు తీసి, ఉప్పు ద్రావణంలో ఉంచి, అది ఎంతసేపు కొట్టుకుంటుందో చూస్తుండేవాడు. గుండె బాగానే కొట్టుకునేది. తర్వాత శుద్ధమైన స్వేదన జలంతో అదే ద్రావణం చేస్తే కాసేపటికే గుండె ఆగిపోయింది. తేడా ఎక్కడ ఉందా అని వెతికితే, మొదటి ద్రావణం కొళాయి నీటితో చేసిందని తేలింది. లండన్ కొళాయి నీటిలో కాల్షియం ఉంది, స్వేదన జలంలో లేదు. 1883లో ఆయన ఈ విషయాన్ని ప్రచురించాడు. ఆసుపత్రిలో ఎక్కించే 'ఆర్.ఎల్.' సెలైన్ సీసా మనం చూసే ఉంటాం. రింగర్ లాక్టేట్ అనే ఆ పేరు ఈయనదే.

కండర కణానికి బయట ఉండే కాల్షియం, లోపల ఉండేదానికంటే సుమారు 10,000 రెట్లు ఎక్కువ. కణం గోడలో కాల్షియం కోసమే ప్రత్యేకంగా చిన్న చిన్న ద్వారాలు ఉంటాయి. వీటినే కాల్షియం ఛానళ్లు అంటారు. ఇవి తెరుచుకోగానే కాల్షియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి. రక్తనాళాల గోడల్లో ఉండే నునుపు కండరాల్లో ఈ కాల్షియం కాల్మాడ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. దాంతో మయోసిన్ పోగులు ఆక్టిన్ పోగులను లాగడం మొదలవుతుంది, కండరం బిగుసుకుంటుంది. ఆ లాగడానికి కావలసిన శక్తి ఏటీపీ నుంచి వస్తుంది. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరం నుంచి ఏటీపీని వేరు చేసినవాడు మన తెలుగువాడే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. సుబ్బారావు గారు పుట్టింది 1895లో. మన వినుకొండ బిడ్డ గుర్రం జాషువా గారు పుట్టిన సంవత్సరం కూడా అదే.

బిళ్ల చేసే పని

రక్తనాళం గోడలోని కండరం బిగుసుకుంటే గొట్టం సన్నబడుతుంది, గుండె ఎక్కువ ఒత్తిడితో రక్తాన్ని తోయాల్సి వస్తుంది. బీపీ పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. మరి కాల్షియం వచ్చే ద్వారాలనే కొంత మూస్తే? కండరం సడలుతుంది, గొట్టం వెడల్పవుతుంది, బీపీ తగ్గుతుంది. 1960లలో జర్మనీలో ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టెయిన్ అనే శాస్త్రవేత్త వెరాపమిల్ వంటి మందులు ఇలా పనిచేస్తున్నాయని గుర్తించాడు. వీటినే కాల్షియం ఛానల్ బ్లాకర్లు అంటున్నాం.

వీటిలో రెండు రకాలు మనం గుర్తుపెట్టుకోవాలి. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, సిల్నిడిపిన్ లాంటివి ఎక్కువగా రక్తనాళాల మీద పనిచేస్తాయి. వెరాపమిల్, డిల్టియాజెమ్ రక్తనాళాలతోపాటు గుండె మీద కూడా పనిచేసి గుండె వేగాన్ని తగ్గిస్తాయి.

ఇక్కడ ఒక అపోహ తీసెయ్యాలి. ఈ బిళ్ల ఎముకల్లోని కాల్షియాన్ని లాగెయ్యదు. ఇది వేసుకునేవాళ్లు పాలు, రాగిజావ మానక్కర్లేదు. ఇది మూసేది ప్రధానంగా రక్తనాళం కండరంలోని ద్వారాన్ని.

కంటికి రక్తం ఎలా అందుతుంది?

మన కంటి వెనుక గోడకు లోపల అతికినట్టుగా రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. వెలుతురును పట్టి మెదడుకు కబురు పంపేది ఇదే. బరువుతో పోల్చి చూస్తే శరీరంలో ఆక్సిజన్‌ను ఎక్కువగా ఖర్చు చేసే భాగాల్లో రెటీనా ఒకటి. దీనికి రెండు వైపుల నుంచి రక్తం వస్తుంది. లోపలి పొరలకు, కంటి నరం మధ్యలోంచి వచ్చే ఒక్క సన్నని ధమని రక్తం ఇస్తుంది. బయటి పొరలకు దాని వెనుక ఉండే కోరాయిడ్ అనే రక్తనాళాల పొర ఇస్తుంది. కంటికి వచ్చే రక్తంలో ఎక్కువ భాగం ఈ కోరాయిడ్‌లోకే వెళ్తుంది. రెటీనాకు వచ్చే ఆ సన్నని ధమని పూర్తిగా మూసుకుపోతే కొద్ది గంటల్లోనే చూపు తిరిగి రానంతగా దెబ్బతింటుంది.

పల్నాడు పిల్లలకు కాలువ సంగతి చెప్పక్కర్లేదు. 1967లో నాగార్జున సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలారు. పెద్ద కాలువలో నీళ్లున్నా, చివరి భూములకు అందాలంటే రెండు ఉండాలి. కాలువలో నీటి మట్టం సరిపడా ఉండాలి. తూము బాగా తెరిచి ఉండాలి. మట్టం బాగా ఉండి తూము మూసుకుపోయినా పొలం ఎండుతుంది. తూము పూర్తిగా తెరిచి ఉన్నా, కాలువలో మట్టం పడిపోతే అప్పుడూ ఎండుతుంది. మన కన్ను కూడా అలాంటి చివరి పొలమే. నీటి మట్టం అంటే బీపీ, తూము అంటే కంటి రక్తనాళం వెడల్పు.

కంటి విషయంలో ఇంకో చిక్కు ఉంది. కన్ను నీటితో నిండిన బంతి లాంటిది. దాని లోపల కూడా ఒక ఒత్తిడి ఉంటుంది. మామూలుగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. లోపలికి వచ్చే రక్తం ఈ ఒత్తిడిని ఎదిరించి రావాలి.

చిన్న లెక్క

మనిషి కూర్చుని ఉన్నప్పుడు కంటికి రక్తాన్ని తోసే ఒత్తిడిని డాక్టర్లు ఇలా లెక్క వేస్తారు. ముందు సగటు బీపీ కట్టాలి. అంటే కింది అంకెకు, రెండు అంకెల తేడాలో మూడో వంతు కలపాలి. దానిలో మూడింట రెండు వంతులు తీసుకుని, కంటి ఒత్తిడిని తీసెయ్యాలి.

బీపీ 120/80, కంటి ఒత్తిడి 15 ఉన్న మనిషిని తీసుకుందాం. సగటు బీపీ 93. దానిలో మూడింట రెండు వంతులు 62. అందులోంచి 15 తీసేస్తే 47. ఇది చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు మందులు ఎక్కువై బీపీ 90/60కి పడిపోయి, కంటి ఒత్తిడి 25 ఉన్న మనిషిని చూద్దాం. సగటు బీపీ 70. మూడింట రెండు వంతులు 47. అందులోంచి 25 తీసేస్తే మిగిలేది 22. మొదటి మనిషిలో సగం కూడా లేదు.

ఇది మట్టం లెక్క. ఇక తూము లెక్క చూద్దాం. ఫిజిక్స్‌లో పాయిసెలీ సూత్రం ప్రకారం గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. వ్యాసార్ధం 10 శాతం పెరిగితే, ఒత్తిడి మారకపోతే, ప్రవాహం 1.1 × 1.1 × 1.1 × 1.1 అంటే సుమారు 46 శాతం పెరుగుతుంది.

కాల్షియం ఛానల్ బ్లాకర్ ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. తూమును వెడల్పు చేస్తుంది, మట్టాన్ని తగ్గిస్తుంది. ఒకటి కంటికి మేలు, ఇంకొకటి ఎక్కువైతే కీడు. ఏది గెలుస్తుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న రెటీనా రక్తనాళాలకు తమంతట తాము సర్దుకునే శక్తి ఉంది. బీపీ కాస్త తగ్గితే అవే వెడల్పై సరిపడా రక్తం తెచ్చుకుంటాయి. అందుకే బీపీ బిళ్ల వేసుకునే ఎక్కువమందికి కంట్లో ఏ తేడా తెలియదు. ఆ సర్దుకునే శక్తి దెబ్బతిన్నవాళ్లకే చిక్కు.

నీటికాసులు అంటే?

అమ్మమ్మ చెప్పిన నీటికాసులనే ఇంగ్లీషులో గ్లాకోమా అంటారు. ఇందులో కంటి నరంలోని పోగులు మెల్లమెల్లగా చనిపోతాయి. చాలామందికి కంటి ఒత్తిడి పెరగడం వల్ల ఇది వస్తుంది. కొందరికి ఒత్తిడి మామూలుగా ఉన్నా వస్తుంది. అలాంటివాళ్లలో కంటి నరానికి రక్తం సరిగా అందకపోవడం ఒక కారణమని భావిస్తున్నారు. ముందు పక్క చూపు పోతుంది, ఎదురు చూపు చివరిదాకా ఉంటుంది. ఎక్కువమందికి నొప్పి ఉండదు. అందుకే మనిషికి తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. శుక్లాల లాగా ఆపరేషన్‌తో తిరిగి తెచ్చుకునేది కాదు.

ఈ జబ్బు మన దగ్గర ఎంత దాగి ఉందో ఒక పెద్ద పరిశోధన చూపించింది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్‌లోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోను 10,293 మందిని పరీక్షించారు. నీటికాసులు ఉన్నట్టు తేలినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది పైనే అంతకుముందు ఆ సంగతి తెలియనివాళ్లు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

మంచి వైపు చూద్దాం. కొందరికి చలికి చేతివేళ్లు మంచుగడ్డల్లా అయిపోతాయి. వాళ్ల రక్తనాళాలు ఊరికే బిగుసుకునే స్వభావం గలవి. అలాంటివాళ్లకు, ఒత్తిడి మామూలుగా ఉండి నీటికాసులు వచ్చినవాళ్లకు ఈ మందులు మేలు చేస్తాయేమోనని 1980ల నుంచి పరిశోధించారు. జపాన్‌లో నిల్వాడిపిన్ అనే మందును మూడేళ్లు ఇచ్చి చూసి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆ మందు తీసుకున్నవాళ్లలో కంటి వెనుక రక్త ప్రసరణ పెరిగింది, చూపు తగ్గే వేగం కొంచెం నెమ్మదించింది. కానీ అందులో ఉన్న రోగులు చాలా తక్కువమంది.

ఇక రెండో వైపు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ పరిశోధనలో కాల్షియం ఛానల్ బ్లాకర్లు వాడేవాళ్లకు నీటికాసులు వచ్చే అవకాశం ఎక్కువగా ఉందని 2007లో చెప్పారు. బ్రిటన్‌లో నాలుగు లక్షల మందికి పైగా వివరాలు చూసి 2023లో ఇంకో ఫలితం ప్రకటించారు. ఈ రకం బీపీ మందులు వాడేవాళ్లలో నీటికాసులు ఉండే అవకాశం సుమారు 39 శాతం ఎక్కువగా కనిపించింది. పక్కింటి పిల్లాడు ఫోన్లో చదివింది ఇలాంటి వార్తే అయ్యుంటుంది.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఆ పరిశోధనలు రెండు విషయాలు కలిసి కనిపించాయని మాత్రమే చెప్పాయి. బిళ్ల వల్లే జబ్బు వచ్చిందని రుజువు చెయ్యలేదు. గొడుగులు ఎక్కువ కనిపించిన రోజున వాన పడుతుంది. అలాగని గొడుగుల వల్ల వాన పడిందనం కదా! 39 శాతం అన్న మాటకు కూడా భయపడిపోకూడదు. వందలో ఇద్దరికి వచ్చే జబ్బు 39 శాతం పెరిగితే వందలో ముగ్గురికి కూడా చేరదు. వందలో 39 మందికి వస్తుందని దాని అర్థం కాదు.

మరి బిళ్ల మానేస్తే? బీపీ పెరిగితే రెటీనాలోని సన్నని రక్తనాళాలు గట్టిపడతాయి, చిట్లుతాయి, మూసుకుపోతాయి. బిళ్లకు భయపడి మానేస్తే ఆ కన్నే దెబ్బతింటుంది. పక్షవాతం, గుండెపోటు, మూత్రపిండాలు చెడిపోవడం వీటికి అదనం. కాలువకు గండి పడుతుంటే, చివరి పొలం గురించి వాదించుకుంటూ గట్టు వదిలేసినట్టు అవుతుంది.

రాత్రి పూట జాగ్రత్త

నిద్రలో చాలామందికి బీపీ మామూలుగానే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. పడుకున్నప్పుడు కంటి ఒత్తిడి కాస్త పెరుగుతుంది. అంటే రాత్రి పూట మట్టం తగ్గి, అడ్డు పెరుగుతుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన, భారతదేశంలో పుట్టిన నేత్ర వైద్యుడు సోహన్ సింగ్ హేరే 1994లోనే దీని గురించి హెచ్చరించారు. కంటి నరం జబ్బు ఉన్నవాళ్లకు రాత్రి పూట బీపీ మరీ పడిపోతే నరానికి హాని జరగవచ్చని ఆయన చెప్పారు. అందుకే నీటికాసులు ఉన్నవాళ్లు బీపీ మందు ఏ పూట వేసుకోవాలో డాక్టరును అడగాలి. అయితే ఆమ్లోడిపిన్ ఒంట్లో చాలాసేపు ఉండే మందు. దానిలో సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. కాబట్టి పూట మార్చినంత మాత్రాన అంతా మారిపోదు. మోతాదు ఎంత అన్నదే ముఖ్యం. అది తేల్చాల్సింది డాక్టరు, మనం కాదు.

ఇంటికి వెళ్లినప్పుడు మనం చెయ్యాల్సినవి

1. బీపీ బిళ్లను డాక్టరు చెప్పకుండా ఎవరినీ మాననివ్వకూడదు. ఎక్కువగా వేసుకోనివ్వకూడదు.

2. బిళ్ల పేరు, మోతాదు ఒక కాగితం మీద రాసి మందుల డబ్బాలో పెట్టాలి. కంటి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించాలి. బీపీ డాక్టరుకు కంటి చుక్కల పేరు చెప్పాలి.

3. నీటికాసులకు టిమోలాల్ అనే కంటి చుక్కలు ఇస్తుంటారు. ఇవి ముక్కులోకి దిగి రక్తంలో కలిసి గుండె వేగాన్ని తగ్గించగలవు. వెరాపమిల్, డిల్టియాజెమ్ వేసుకునేవాళ్లకు రెండూ కలిస్తే గుండె మరీ నెమ్మదిస్తుంది. కాబట్టి డాక్టరుకు తప్పక చెప్పాలి. చుక్క వేశాక కళ్లు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటే మందు ముక్కులోకి ఎక్కువగా దిగదు.

4. నలభై ఏళ్లు దాటినవాళ్లకు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నవాళ్లకు కంటి ఒత్తిడి, కంటి నరం పరీక్ష చేయించాలి. అద్దాల కోసం అక్షరాలు చదివించే పరీక్ష ఒక్కటే సరిపోదు.

5. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నా, కాళ్లు వాస్తున్నా డాక్టరుకు చెప్పాలి. కాళ్ల వాపు ఆమ్లోడిపిన్ వల్ల కూడా రావచ్చు. దానికి మందు మార్చే వీలుంది.

6. ఉన్నట్టుండి ఒక కంటి చూపు పోతే తెల్లారిందాకా ఆగకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

7. ఊరగాయ, అప్పడాలు, ఎండుచేపల్లోని ఉప్పు తగ్గించుకుంటే బిళ్లకు మనం సాయం చేసినట్టే.

చివరిగా అమ్మమ్మ సంగతి చెప్పాలి. ఏఎన్‌ఎం గారు చెప్పాక డాక్టరుకు చూపించి, ఆ రోజు నుంచే మళ్లీ బిళ్ల మొదలుపెట్టాం. కళ్ల భయం తీరడం కోసం కంటి ఆసుపత్రికి కూడా తీసుకెళ్లాం. అక్కడ కంటి ఒత్తిడి చూసి, నరం చూసి, ఎడమ కంటికి నీటికాసులు మొదలయ్యాయని చెప్పారు. ఏడాదిగా అమ్మమ్మ ఎడమ భుజం గుమ్మానికి తగిలించుకుంటూ ఉండేది. "పెద్దదానివయ్యావు, చూసుకుని నడువు" అని మేమంతా నవ్వేవాళ్లం. అది పక్క చూపు తగ్గడమని మాలో ఒక్కరికీ తట్టలేదు. బిళ్ల వల్ల వచ్చిందా అని డాక్టరు గారిని అడిగాను. "అలా చెప్పలేమమ్మా, ఈ వయసులో ఎవరికైనా రావచ్చు. బిళ్ల మానొద్దు, చుక్కలు మానొద్దు" అన్నారు. బీపీ ఇప్పుడు 130/80 దగ్గర ఉంటోంది. ఇప్పుడు రోజూ రాత్రి హాస్టల్ ఫోన్ నుంచి నేను అడిగే మొదటి మాట "చుక్కలు వేసుకున్నావా?" అని.

ఫోన్లో వచ్చిన ఒక వాక్యం చదివి పక్కింటి పిల్లాడు అమ్మమ్మతో మందు మాన్పించాడు. అతనికి చెడ్డ ఉద్దేశం లేదు. సగం చదివాడు, అంతే. మనం చదువుకునేది మార్కుల కోసమే కాదు మిత్రులారా. మన ఇంట్లో చదువు రాని పెద్దవాళ్లు మన మాట నమ్మి బిళ్ల మింగుతారు, మన మాట నమ్మే మానేస్తారు. కాబట్టి దేన్నయినా పూర్తిగా చదివి, తెలిసినవాళ్లను అడిగి, ఆ తర్వాతే ఇంట్లో చెబుదాం. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంట్లోని మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి.